పేరుపండగనాటి అర్జీ

జివ్కా మొగుడు ప్లామెన్ సెప్టెంబరులో ఇల్లు వదిలిపోయాడు. పోతూ పోతూ కాఫీ మిషను, చేపల గాలాలు, పడకగదిలో కొత్త పరుపు పట్టుకుపోయాడు. ఆ పరుపు మెట్లు దిగుతూ మా గుమ్మం దగ్గర ఇరుక్కుంది. నేను తలుపు తీసి, ఓ చెయ్యి వేసి, మూల తిప్పి కిందికి తోశాను. ఆ తర్వాత చాన్నాళ్ళు జివ్కా నన్ను దెప్పుతూనే ఉండేది.

"నా కాపురం బయటికి మోసుకుపోతుంటే సాయం పట్టింది నువ్వే కదా, వెలికా అక్కా!"

"మరేం చెయ్యను? గుమ్మానికి అడ్డంగా పడుకుంటే నేను పాలకెలా వెళ్ళను?"

వాళ్ళది మూడో అంతస్తు, మాది రెండోది. నేను ఊరి గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే మనిషిని. జివ్కా బస్టాండు పక్కన బనిత్సా కొట్లో పనిచేస్తుంది. పిండిని కాగితంకన్నా పల్చగా సాగదీసి, పొరల మధ్య చీజూ గుడ్లూ పరిచి కాల్చే ఆ బనిత్సా పొద్దున్నే మా ఊళ్ళో సగంమంది కడుపులో పడేది ఆవిడ చేతిమీదుగానే. నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది బిలియానాకి తొమ్మిదేళ్ళు, చిన్నది నేదాకి ఆరు.

ప్లామెన్ది టైర్ల కొట్టు. మనిషి చెడ్డవాడని నేననను. కాకపోతే, చేతికొచ్చిన డబ్బు తన ఒంట్లో ఒక భాగమనుకునే రకం. విడిగా వెళ్ళిన దగ్గరనుంచి నెలకోసారి వచ్చి పిల్లలకి చాక్లెట్లూ, పెళ్ళానికి యాభై లెవాల నోటూ ఇచ్చి, తాను కట్టిన గోడల్ని చూసుకున్నట్టు ఫ్లాటంతా ఓసారి కలియజూసి పోయేవాడు. ఆ ఫ్లాటు ఇద్దరూ కలిసి బ్యాంకు అప్పుమీద కొన్నది. నెలనెలా కిస్తీ ఇప్పుడు జివ్కా ఒక్కతే కడుతోంది. ఆవిడ జీతం కిస్తీకి పోతే తిండికి లేదు, తిండికి పోతే చలికాలం కరెంటుకి లేదు.

డిసెంబరులో ప్లామెన్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఒప్పుకుని తీసుకునే విడాకుల కాగితం. ఫ్లాటు ఆయనకి, ఆరువేల లెవాలు ఆవిడకి.

"సంతకం పెట్టు, సాయంత్రానికి చేతిలో పెడతాను," అన్నాడు. "కోర్టంటావా, మూడేళ్ళు తేలదు. నువ్వు మూడు నెలలు ఆగలేవు జివ్కా. నీ సంగతి నాకు తెలీదూ?"

తెలుసు మరి. పదేళ్ళు ఒకే వంటింట్లో తిన్నవాడికి ఆ వంటింట్లో ఎన్ని నెలలకి సరుకుందో తెలీకుండా పోదు. కొట్టడాలూ తిట్టడాలూ లేవు. ఆవిడ చేతులు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తున్నాడు, అంతే.

దీనికి చట్టంలో మందు లేకపోలేదు. కేసు తేలేదాకా పిల్లల తిండికి ఇంత ఇవ్వమని, ఇల్లు తల్లీపిల్లలు వాడుకోవచ్చని కోర్టు ముందుగానే చెప్పవచ్చు. మధ్యంతర భరణం. అడగాల్సింది ఒక్క పేజీ అర్జీతో. ఆ ఒక్క పేజీ రాయాల్సిన మనిషి లాయరు హరలంపి త్సోనెవ్.

హరలంపిగారి గురించి చెప్పుకోవాలి. ఆయన కోర్టులో నోరు తెరిస్తే జడ్జీలు పెన్నులు కిందపెట్టి వింటారు. నోరు తెరిపించడమే కష్టం. ఎవరినీ కాదనలేని మనిషి. వచ్చిన కేసల్లా తీసుకుంటాడు, ఏదీ కదిలించడు. నవంబరులో జివ్కా తన అమ్మమ్మ బంగారు చెవిపోగులు అమ్మి ఫీజు కట్టింది. విడాకుల దావా వేశాడు. మొదటి వాయిదా మేలో పడింది. ఆ ఒక్క పేజీ అర్జీ మాత్రం రేపు వేస్తానన్నాడు. తర్వాత ప్రింటరు పాడైంది. తర్వాత నికోలా పండగ. తర్వాత క్రిస్మసు, ఆపైన కొత్త సంవత్సరం, ఆపైన జలుబు. మందుల దుకాణం పైన ఆయన ఆఫీసు. దానికి రెండు మెట్లదార్లు. జివ్కా ముందుదారిన ఎక్కేసరికి వెనకదారిన దిగే బూట్ల చప్పుడు వినిపించేది.

"ఒకసారి వెంటపడి చూశానక్కా," అంది జివ్కా. "అంత లావుమనిషి పిల్లిలా ఎలా మాయమవుతాడో! బల్లమీద టీ ఇంకా పొగలు కక్కుతోంది. తాగేసి వచ్చాను. కట్టిన ఫీజులో ఆమాత్రమైనా ముట్టింది."

వేరే లాయర్ని పెట్టుకుందామంటే ఇంకో జత చెవిపోగుల్లేవు.

ఫిబ్రవరి తొమ్మిదో తారీకు సాయంత్రం. జివ్కా మా ఇంటికి దిగొచ్చింది. చేతిలో ప్లామెన్ కాగితం ఉంది.

"పెన్నుందా అక్కా?"

"ఎందుకు?"

"ఎందుకేంటి, రాసుకోడానికి. మార్చి వచ్చిందంటే కిస్తీ తప్పుతుంది. బ్యాంకువాడు ఇల్లు తీసుకుంటే ఆ ఆరువేలు కూడా రావు. పెట్టేస్తాను. పీడా పోతుంది."

"పెన్ను లేదు."

"గ్రంథాలయంలో పనిచేసేదాని దగ్గర పెన్ను లేదా!"

"లేదంటే లేదు. కూర్చో."

కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బావుండుననిపించింది నాకు. గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయింది. నేనూ అటే చూశాను. మా క్యాలెండర్లలో ప్రతి తారీకు కిందా ఆ రోజు ఏ మునిదో, ఏ పేరువాళ్ళకి పండగో రాసుంటుంది. రేపటి గడిలో, శనివారం కింద, చిన్న అక్షరాల్లో ఉంది: హరలంపి ముని, తేనెటీగల పండగ.

నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"ఏంటక్కా, పిచ్చెక్కిందా?"

"రేపు మీ లాయరుగారి పేరుపండగే!"

మా దగ్గర పుట్టినరోజుకి పిలుస్తారు. పేరుపండగకి పిలవరు. పిలవకుండా రావడమే మర్యాద. ఆ పేరున్నవాడు పొద్దుటినుంచీ తలుపు గడియ తీసి, బల్లనిండా తిండి పెట్టుకుని ఇంట్లోనే ఉండాలి. వచ్చినవాడు చుట్టమా, పగవాడా, అప్పులవాడా అని చూడకూడదు. కూర్చోబెట్టి తినిపించాలి. ఆ రోజు ఇంట్లో లేకుండా పోయినవాడి సంగతి ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుంటుంది.

"ఏడాదంతా నీకు దొరక్కుండా తిరగొచ్చు. రేపొక్కరోజు ఎక్కడికీ పోలేడు," అన్నాను.

జివ్కా మొహం ఎర్రబడింది. "పండగపూట మనిషి ఇంటికెళ్ళి కేసు గురించి అడుగుతామా? తప్పక్కా. మొహం చెల్లదు."

"ఎవరడుగుతారు? వెళ్తాం, దీవిస్తాం, తింటాం. మనం కళ్ళెదురుగా కూర్చుంటే ఆయనకి ముద్ద ఎలా దిగుతుందో చూస్తాం."

అప్పుడు జివ్కా భుజాలు కదిలాయి.

"ఉట్టి చేతుల్తో ఎలా వెళ్తాం? పిండుంది, నాలుగు గుడ్లున్నాయి. చీజు నీది."

* * *

హరలంపిగారి ఇల్లు ఊరి చివర, ప్లం తోట పక్కన. పెరట్లో తేనెపెట్టెలు మంచుటోపీలు పెట్టుకుని వరసగా ఉన్నాయి. గేటు బార్లా తీసుంది. రోడ్డు పొడుగునా కార్లు. మేం నలుగురం వెళ్ళాం. నా చేతిలో లెక్కగా మూడు పువ్వులు. మా వైపు సరిసంఖ్యలో పువ్వులు చనిపోయినవాళ్ళకే పెడతారు. జివ్కా రెండు చేతులమీదా బనిత్సా పళ్ళెం, దానిమీద కప్పిన గుడ్డలోంచి ఆవిరి. పిల్లలిద్దరికీ బిగించి జడలు వేసింది. వాళ్ళ కనుబొమలు పైకి లాక్కుపోయి, ఇద్దరూ పొద్దుటినుంచీ ఆశ్చర్యపోతున్నట్టున్నారు.

గుమ్మంలో హరలంపిగారి తల్లి గన్కా అవ్వ. ఎనభై దాటిన మనిషి, కోడిపిల్లంత ఉంటుంది. పొద్దున్న చర్చిలో దీవెన పెట్టించిన తేనె గిన్నె ఒక చేతిలో, రొట్టెముక్కల పళ్ళెం పక్కన. వచ్చినవాళ్ళ నోట్లో ముక్క ముంచి పెడుతోంది. నోరు తెరవకపోతే లోపలికి దారి లేదు.

"తెరువమ్మా, తెరువు. ఆఁ. తియ్యగా మాట్లాడండి ఇంక."

లోపల పదిహేనుమంది దాకా ఉన్నారు. బల్ల చివర ఇస్త్రీ చొక్కాలో, దువ్విన మీసాలతో హరలంపిగారు. చేతిలో పళ్ళసారా రాకియా గ్లాసు. ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. జివ్కాని చూశాడు. మాట మధ్యలో ఆగిపోయింది. కళ్ళు వంటింటి వెనకతలుపు వైపు పోయాయి. నేను గబగబా వెళ్ళి, ఆ తలుపుకి ఆనించి కుర్చీ వేసుకుని, నేదాని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

"పేరుపండగ శుభాకాంక్షలు హరలంపిగారూ," అంది జివ్కా. "ఆరోగ్యంగా మొయ్యండి ఈ పేరు."

"రా... రామ్మా జివ్కా, రా. కూర్చో. బనిత్సానా? అయ్యో, ఎందుకమ్మా ఈ శ్రమ..."

పళ్ళెం బల్లమీద పెట్టగానే ఆయన గొడవ అందరూ మర్చిపోయారు. కత్తి పడగానే కరకరమన్న చప్పుడుకి గది మాట్లాడ్డం మానేసింది. పాలడైరీ వుల్కో రెండు ముక్కలు లాక్కుని, "బస్టాండు బనిత్సా! ఇంట్లో ఇంత బాగా చేసేదానివి కొట్లో వెన్న దాచుకుంటున్నావన్నమాట," అన్నాడు.

"కొట్లో వెన్న ఓనరుది, ఇది అక్కది," అంది జివ్కా.

అవ్వ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "ఎవరి అమ్మాయివి నువ్వు?"

"మీ అబ్బాయిగారి దగ్గర కేసున్నదాన్ని, అవ్వా."

"ఓహో!" అవ్వ మొహం వెలిగింది. "మా లంబో బంగారం కదూ? ఎవరికి కష్టమొచ్చినా వాడి దగ్గరికే వస్తారు. నీ పని చేసిపెట్టాడా?"

హరలంపిగారు గ్లాసులోకి చూస్తున్నాడు. జివ్కా నావైపు చూసింది. నేను సాయం చెయ్యలేదు. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు, తల్లిముందు కొడుకుని చిన్నబుచ్చడమూ చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

"చిన్న పనేలే అవ్వా. ఒక పేజీ."

"ఏం పేజీ?"

"కేసు తేలేదాకా పిల్లల ఖర్చుకి మా ఆయన డబ్బివ్వాలని అడిగే అర్జీ."

"ఎప్పుడిచ్చావు పని?"

"నికోలా పండగకి ముందు."

అవ్వ వేళ్ళు మడిచి వారాలు లెక్కపెట్టింది. ఒక చెయ్యి సరిపోలేదు. కొడుకు వైపు తిరిగింది. వుల్కో నోట్లోది నమిలి మింగి, తాపీగా అన్నాడు:

"నువ్వు కొత్తదానివమ్మా. నా పచ్చికబీడు హద్దు కేసు తొమ్మిదేళ్ళుగా రేపు వేస్తున్నాడు. ఇప్పుడా బీడులో అడివి పెరిగింది. గెలిస్తే కట్టెలు కొట్టుకోవాలి."

అవతలినుంచి ఎవరో, "నా పింఛను అర్జీ వేసేసరికి నేను చచ్చిపోతానేమో అనుకున్నా. ఆయనదీ అదే ఆలోచనని తర్వాత తెలిసింది," అన్నారు. ఇంకో ఆవిడ, "మా తాత వీలునామా ఇంకా తెరవలేదు. మనవడికి పెళ్ళయిపోయింది," అంది. నవ్వులు మొదలయ్యాయి. తీరాచూస్తే ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర కేసులున్నవాళ్ళే. అందరికీ దొరికేది ఈ ఒక్కరోజే కాబట్టి అందరూ వచ్చారు. తిడుతూ తాగుతున్నారు, తాగుతూ దీవిస్తున్నారు. హరలంపిగారు కూడా చివరికి చేతులెత్తేసి నవ్వాడు.

"రాస్తానమ్మా జివ్కా, ఒట్టు. సోమవారం..."

"దీనికి నువ్వెందుకు?" అందొక గొంతు.

పరష్కెవాగారు. కోర్టులో కాగితాలు తీసుకునే కిటికీ వెనక ముప్పైరెండేళ్ళు కూర్చుని, రెండేళ్ళ క్రితం రిటైరయింది. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది. అది పెట్టుకుందంటే ఆఫీసు తెరిచినట్టే. పెట్టుకుంది.

"పిల్లా, ఈ అర్జీ ఎవరి కేసు వాళ్ళే రాసివ్వొచ్చు. లాయరు సంతకం అక్కర్లేదు. ఆ కిటికీలో నేను ఇలాంటివి బస్తాలకొద్దీ తీసుకున్నాను. చేత్తో రాసినవి, పెన్సిలుతో రాసినవి, ఒకావిడ పిండి సంచీమీద రాసింది కూడా తీసుకున్నాను. నీకు రాయడం వచ్చుగా?"

"వచ్చు," అంది జివ్కా. మూడు నెలలుగా ఈ ముక్క తనకెవరూ చెప్పలేదన్నది ఆవిడ మొహంలో మెల్లగా పాకింది. ఒక్క క్షణం కోపం వచ్చినట్టుంది. అంతలో లేచి స్వెట్టరు చేతులు పైకి లాక్కుంది, పిండికి కూర్చునేటప్పుడు లాక్కున్నట్టే.

"అక్కా, ఇప్పుడివ్వు పెన్ను."

ఇచ్చాను. బల్ల ఒక మూల పళ్ళేలు జరిపారు. హరలంపిగారు లేచి, "నేను రాస్తానుండండి," అన్నాడు. అవ్వ ఆయన చేతిలో కత్తి పెట్టింది.

"నువ్వు మాంసం కొయ్యి. జనం తినాలి."

ఆయన నడుముకి గుడ్డ కట్టుకుని మాంసం కోస్తున్నాడు, పరష్కెవాగారు చెప్తోంది, జివ్కా బడిపిల్లలా నాలుక కొంచెం బయటపెట్టి గుండ్రంగా రాస్తోంది. రెండో వాక్యానికి హరలంపిగారు ఉండబట్టలేకపోయాడు.

"ఇల్లు కూడా అడగాలి. తల్లీపిల్లలు వాడుకునేలా. లేకపోతే రేపు తాళం మార్చేస్తాడు."

"రాయి," అంది పరష్కెవాగారు.

"డబ్బు అర్జీ వేసిన రోజునుంచి అని రాయాలి. లేకపోతే తీర్పురోజునుంచి అంటారు."

"రాయి. ఇప్పుడొచ్చిందా బాబూ నోరు?"

"పని పక్కవాడు చేస్తుంటే నాకు అన్నీ గుర్తొస్తాయి పరష్కెవా," అన్నాడాయన, నిజాయితీగా.

పరష్కెవాగారు కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీ ఆయన రాబడి?"

జివ్కా పెన్ను ఆగింది. "అదే చిక్కు. పన్ను కాగితాల్లో ఏమీ లేదు. టైర్ల కొట్టు మూతపడేలా ఉందని, రోజుకో బండి కూడా రావట్లేదని అందరితో చెప్తున్నాడు. కోర్టులోనూ అదే చెప్తాడు."

"ఎవరి టైర్ల కొట్టు?" వుల్కో తలెత్తాడు. "వంతెన పక్కన ప్లామెన్‌దా? మూతపడేలా ఉందా? నవంబరులో నేనక్కడ మూడు గంటలు నిలబడ్డాను! నా ముందు పన్నెండు బండ్లు!"

"నేను రెండుసార్లు వెనక్కి వచ్చేశాను," అంది వీలునామా ఆవిడ.

మా దేశంలో నవంబరు మధ్యనుంచి మార్చిదాకా చలికాలపు టైర్లు లేకుండా బండి నడిపితే పోలీసు ఆపుతాడు. కాబట్టి నవంబరులో ఊరంతా ఒక్కసారే టైర్ల కొట్టుమీద పడుతుంది. తీసేసిన ఎండాకాలపు టైర్లు ఇరుకు ఫ్లాట్లలో ఎవరు పెట్టుకుంటారు? కొట్టువాడి షెడ్డులోనే వదిలేస్తారు. ప్లామెన్ అవి దాచి, ఒక పసుపు చీటీ ఇస్తాడు. వరస నంబరు, తారీకు, బండివాళ్ళ పేరు, కింద ఆయన సంతకం. మార్చిలో చీటీ చూపిస్తేనే టైర్లు.

"చీటీ!" అన్నాడు వుల్కో.

ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఆ ఇంట్లో కుర్చీలు జరిగిన చప్పుడు వినాలి. కోట్లు లేకుండానే, నోట్లో ముద్దలతోనే, అంతా మంచులోకి పరిగెత్తారు. కారు తలుపులు టపటపా తెరుచుకున్నాయి. కిటికీలోంచి చూస్తే, పండగబట్టల్లో ఉన్న పెద్దమనుషులు కార్లలోకి సగానికి దూరి, వెనకభాగాలు బయటపెట్టి వెతుకుతున్నారు. బిలియానా, నేదా కిటికీకి ముక్కులు ఆనించి విరగబడి నవ్వారు. అన్ని నెలల్లో ఆ పిల్లలు అలా నవ్వడం నేను చూడలేదు.

తొమ్మిది చీటీలు వచ్చాయి. హరలంపిగారు కత్తి పడేశాడు. చేతులు కడుక్కుని, గుడ్డమీద చీటీలు పేకముక్కల్లా పరిచాడు. ఆయన కళ్ళు మారిపోయాయి. ఇందాకటి మనిషి కాడు.

"రెండువందల పద్నాలుగు. రెండువందల అరవైమూడు. మూడువందల ఐదు. ఇది మూడువందల నలభై, నవంబరు ఇరవైతొమ్మిది. వుల్కో, ఎంత తీసుకున్నాడు నీ దగ్గర?"

"మార్చడానికీ దాచడానికీ కలిపి డెబ్భై."

"మూడువందల నలభై బండ్లు. ఒక్క నెల." మెల్లగా అన్నాడు. "అమ్మా జివ్కా, ఈ చీటీలు వాడు స్వయంగా రాసి, సంతకం పెట్టి ఊరంతా పంచిపెట్టాడు."

"చీటీ నా దగ్గరే ఉండాలి," అన్నాడు వుల్కో గాభరాగా. "లేకపోతే ఆగస్టులో కూడా మంచు టైర్లతో తిరగాలి నేను!"

ఫొటోలు తీసుకున్నాం. ఒక్కొక్కరి చేతా పరష్కెవాగారు రెండు ముక్కలు రాయించి సంతకం పెట్టించింది. అందరికన్నా కింద జివ్కా తన అర్జీమీద పేరు రాసింది. రాసి, పెన్ను నాకిచ్చేసి, ఊపిరి వదిలింది. అప్పుడెవరో పాట పెట్టారు. చేతులు పట్టుకుని బల్ల చుట్టూ గుండ్రంగా అడుగులు వేస్తుంటే గాజుసామాన్లు గలగలమన్నాయి. ముందు నడిపించింది జివ్కా. గన్కా అవ్వ కూడా తేనె గిన్నెతోనే దిగింది. నా జాకెట్టుకి అంటిన తేనె ఇప్పటికీ పోలేదు.

* * *

సోమవారం అర్జీ కిటికీలోకి వెళ్ళింది. కొత్త గుమస్తా, "లాయరుగారు రాలేదా?" అంటే, వెనకనుంచి పరష్కెవాగారు దగ్గింది. అతను మారుమాట లేకుండా ముద్ర కొట్టాడు. మార్చి ఒకటికి వాయిదా.

మా ఊళ్ళో కబురు వంతెనదాకా నడిచి వెళ్ళడానికి రెండు రోజులు పడుతుంది. బుధవారం ప్లామెన్ మెట్లెక్కాడు. అరగంట తర్వాత దిగాడు. ఆ వెనకే జివ్కా మా ఇంటికొచ్చింది.

"ఎనిమిదివేలిస్తాడట అక్కా. ఇప్పుడే. అర్జీ వెనక్కి తీసుకుంటే."

ఎనిమిదివేలంటే ఆవిడకి ఏడాది జీతంలో పెద్దముక్క. కిస్తీకి పదిహేను రోజులే ఉంది. కోర్టు కాదంటే ఆ ఎనిమిదీ ఉండదు, ఆరూ ఉండదు.

"నోటిదాకా వచ్చింది, సరేనని," అంది జివ్కా. "కానీ ఆయన మొహం చూశాను. చెమట. డిసెంబరునుంచి ఆరు దగ్గర కూర్చున్న మనిషి ఒక్క పేజీకే ఎనిమిదికి ఎక్కాడు. భయపడేవాడు ఆయనైతే నేనెందుకు భయపడాలి? పెట్టలేదు సంతకం."

* * *

మార్చి ఒకటి మా దగ్గర చలికాలాన్ని సాగనంపే రోజు. ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన మార్తెనిత్సాలు ఒకరి మణికట్టుకి ఒకరు కట్టి ఆరోగ్యం కోరుకుంటారు. కోర్టు గుమ్మంలో పోలీసు చేతికి ఆరు దారాలు. కిటికీలో గుమస్తాకి మోచేతిదాకా. జడ్జీగారు నల్లకోటుకి కూడా ఒక చిన్న కుచ్చు గుచ్చుకున్నారు.

పదింటికి కేసు. పదికి ఐదు నిమిషాలుండగా కూడా హరలంపిగారి జాడ లేదు. జివ్కా కారిడార్లో అటూ ఇటూ తిరుగుతోంది. ప్లామెన్ పక్కన పెద్ద పట్నంనుంచి తెచ్చుకున్న లాయరు, అద్దంలాంటి బూట్లు.

"రాకపోతే నేనే మాట్లాడతాను," అంది జివ్కా నాతో. "అర్జీ రాసినదాన్ని, చదవలేనా?"

అప్పుడు మెట్లమీద కర్ర చప్పుడైంది. గన్కా అవ్వ ఎక్కుతోంది. ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో కొడుకు కోటు చెయ్యి. ఆయన్ని తలుపులోంచి లోపలికి పంపి, తాను బయట బల్లమీద కూర్చుంది. బట్టసంచీలోంచి దారాల చుట్ట తీసుకుని పేనడం మొదలెట్టింది.

లోపల బూట్ల లాయరు బాగా మాట్లాడాడు. కొట్టు నష్టంలో ఉంది, కక్షిదారు తానే అప్పుల్లో ఉన్నాడు, పిల్లలంటే ప్రాణం, కానీ చేతిలో లేదు. హరలంపిగారు లేచి చీటీల ఫొటోలు ఒక్కొక్కటే జడ్జీగారి ముందు పెట్టాడు.

జడ్జీగారు కళ్ళెత్తారు. "మూడువందల నలభై బండ్లా?"

ప్లామెన్ చటుక్కున లేచాడు. "కాదండీ! ఆ నంబర్లు రెండొందలనుంచి మొదలవుతాయి. పాత పుస్తకం మిగిలిపోతే, అక్కణ్ణించే వేశాను. అసలు బండ్లు నూట నలభై."

అప్పటికప్పుడు పుట్టించాడు. అది అబద్ధమని చూపించడమెలా? మా తొమ్మిది చీటీల్లో రెండొందలకి తక్కువది ఒక్కటీ లేదు.

హరలంపిగారు తొందరపడలేదు. కోటు లోపలి జేబులోంచి మడిచిన పసుపు చీటీ తీశాడు.

"మా అమ్మగారి పేరుమీద ఒక పాత కారుంది. మంచు పడకముందే టైర్లు మార్చకపోతే ఆవిడ నన్ను ఇంట్లో ఉండనివ్వదు. నవంబరు రెండు. గన్కా త్సోనెవా. నంబరు ఏడు. సంతకం వీరిదే."

"మీ దగ్గరుందా ఇది?" అన్నాడు బూట్ల లాయరు. "ముందే ఎందుకు దాఖలు చెయ్యలేదు?"

"వేద్దామనే అనుకున్నాను," అన్నాడు హరలంపిగారు, మొహం కొంచెం ఎర్రబడి. "ఆలస్యమైంది."

జడ్జీగారు నవ్వు ఆపుకోడానికి ముక్కు తుడుచుకున్నారు. తర్వాత జివ్కా వైపు తిరిగారు. "మీరేమైనా చెప్తారా?"

జివ్కా లేచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ముందుకి కట్టుకుంది.

"ఆయన్ని చెడ్డవాడనడానికి రాలేదండీ. కేసు తేలడానికి ఎన్నాళ్ళు పట్టినా పడుతుంది, నేను కాదనను. కానీ అన్నాళ్ళూ పిల్లలు తినకుండా ఆగరు. డబ్బులేక సంతకం పెట్టే పరిస్థితి నాకు రాకూడదు. పెడితే ఇష్టమై పెట్టాలి."

జడ్జీగారు అక్కడికక్కడే రాయించారు. అర్జీ వేసిన రోజునుంచి, ఇద్దరు పిల్లలకీ కలిపి నెలకి ఐదువందల అరవై లెవాలు. కేసు ముగిసేదాకా ఫ్లాటు తల్లీపిల్లలది. దీనిమీద పై కోర్టుకి పోవడానికి లేదు. చదువుతున్నంతసేపూ జివ్కా పెదాలు కదుపుతూ లెక్కేసుకుంది. కిస్తీ, కరెంటు, పిల్లల బూట్లు. చివరికొచ్చేసరికి భుజాలు నవ్వడం మొదలెట్టాయి. చేత్తో నోరు మూసుకుంది గానీ భుజాల్ని ఎవరు మూస్తారు?

కారిడార్లోకి వచ్చాం. ప్లామెన్ వెనకే వచ్చాడు.

"పదివేలు జివ్కా. ఈ వారమే తేల్చేసుకుందాం."

"తొందరేముంది ప్లామెన్?" అంది జివ్కా. ఆ మాటలో ఎకసెక్కం లేదు, కడుపు చల్లబడిన మనిషి మాట. "ఆదివారం పిల్లల్ని చూడ్డానికి రా. వచ్చి కూర్చో. ఫ్లాటు ఖరీదు కట్టిద్దాం, నీ సగం నీది, నా సగం నాది. ఇప్పుడు మాట్లాడుకోడానికి నాకు ఓపికుంది."

అంతలో వాళ్ళ మధ్యలోకి గన్కా అవ్వ వచ్చేసింది, వేళ్ళ మధ్య అప్పుడే పేనిన దారాలతో. జివ్కాకి కట్టింది. నాకు కట్టింది. బూట్ల లాయరుకి కూడా కట్టింది. ప్లామెన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"తియ్యి చెయ్యి," అంది అవ్వ.

"నాకెందుకు అవ్వా?"

"తియ్యి నాయనా." మణికట్టు బయటికి లాగి, దారం రెండుసార్లు చుట్టి, పళ్ళతో కొరికి ముడి బిగించింది. "ఈ ఊళ్ళో అందరికన్నా నువ్వే గట్టిగా ఉండాలి. జబ్బు చెయ్యకూడదు నీకు. నెలనెలా కట్టాల్సినవాడివి."

ప్లామెన్ తన చేతివైపు చూసుకున్నాడు. ఆపుకుందామని చూశాడు. ఆగలేదు, నవ్వేశాడు.